అయ్యకు గాడుకు నడుమ రెండెకరాలు

మా తాత పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. రాయాలనే ఉంది. మా నాయిన వద్దన్నడు. "దరఖాస్తు ఇంకా ఆఫీసుల్నే ఉన్నది బిడ్డా, నువ్వు అచ్చులకెక్కిస్తే ఎవడన్న అడ్డం పడ్తడు" అన్నడు. ఊరి పేరు కూడా వద్దన్నడు. నల్లగొండ జిల్లా, పాత భువనగిరి తాలూకా అని మాత్రం చెప్పుకుంటాను.

పేరు లేకుండా మా తాత గురించి చెప్పడం కొత్త సంగతేం కాదు. ఆయనకు జీవితమంతా పేరుతోనే తకరారు. ఇంట్లో, వాడలో ఆయన పేరు చివర 'అయ్య' ఉంటుంది. పట్వారీ రాసిన కాగితంలో అదే పేరు చివర 'గాడు' ఉంది. పేరుకు ముందు 'మాదిగ' అని ఉంది. ఇంటిపేరు లేదు. మాకు ఇంటిపేరు లేదనుకునేరు. ఉంది. రాసేటోడు అడగలేదు. ఈ రెండక్షరాల తేడా మీద రెండెకరాల పది గుంటల చెలక 2017 నుంచి ఆగిపోయి ఉంది.

నేను సర్కారు బడి పంతులును. మా వంశంలో డిగ్రీ దాకా పోయిన మొదటోణ్ని. దూరవిద్యలో చరిత్ర చదివిన. రైతాంగ పోరాటం, రైతు సంఘం, రైతు రుణ విముక్తి, ఈ మాటలు పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసిన. ఆ రైతుల్లో మా తాత ఉంటాడని నాకు ఎన్నడూ తట్టలేదు. ఆయన బతికినన్నాళ్లు దున్నిండు, విత్తిండు, కోసిండు. ఊరు ఆయన్ని పసులోడు అన్నది, జీతగాడు అన్నది, కూలోడు అన్నది. రైతు అనలేదు. నేనూ అనలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

తాత పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. మా వాడలో ముసలోళ్లందరూ జనవరి ఒకటినే పుట్టిన్రు. "రజాకార్ల లొల్లికి నేను పసులకాడ ఉన్న" అనేటోడు. అంటే 1948 నాటికి పదేండ్ల పిల్లగాడై ఉంటాడు. అప్పటికే పటేలు ఇంట్లో జీతం. వాళ్ల నాయిన కరువులో జొన్నలు నాగుకు తెచ్చిండు. నాగు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పుట్టెడు తెచ్చుకుంటే కల్లం మీద పుట్టిన్నర కొలవాలె. కొలవలేకపోతే మిగిలింది మళ్ల నాగే. అట్ల పెరిగిన బాకీ కింద కొడుకును పసులకాడ పెట్టిండు. ఉగాది నుంచి ఉగాది దాకా జీతం. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. చెప్పుల మాట వచ్చినప్పుడల్లా తాత నవ్వేటోడు. "కుట్టింది మా నాయిన, ఇచ్చింది పటేలు."

జీతం ఒక పక్క, కులం పని ఇంకో పక్క. ఊర్లో గొడ్డు చస్తే మోసుకొచ్చేది మావోళ్లే. ఆ కూర తిన్నరు. దాన్ని దాచిపెట్టాల్సిన అక్కర నాకు లేదు. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగెడు చెక్క దంచి లందలో వేసేటోళ్లు. తర్వాత దాన్ని సంచి లెక్క కుట్టి, చెట్టుకు వేలాడగట్టి, లోపల తంగెడు నీళ్లు నింపేటోళ్లు. చుక్క చుక్క కారుకుంట రోజుల తరబడి తోలు పండేది. పండటం అనేది తాత మాట. కాయ పండినట్టే తోలు పండాలె, పచ్చిగ తీస్తే కుళ్తది, ముదిరితే పగుల్తది అనేటోడు. అట్ల పండిన బర్రె తోలుతో మోటబొక్కెన కుట్టాలె, దానికి తొండం కుట్టాలె. ఎడ్ల పట్టెడలు, వారులు, చెర్నకోలలు ఎట్లాగూ ఉండనే ఉండె.

మోట ఎట్ల నడుస్తదో చూసినోళ్లు ఇప్పుడు తక్కువ. రెండెడ్లు బావి గడ్డ మీద నుంచి వాలు కిందికి నడుస్తయి. మోకుతో పాటు బొక్కెన పైకి వస్తది. తొండం తెరుచుకొని నీళ్లు తొట్టిలో పడి కాలువ పట్టుకొని మడికి పోతయి. ఎడ్లు వెనకకు వస్తే బొక్కెన మళ్ల బావిలోకి దిగుతది. ఎడ్లు పటేలువి. బావి పటేలుది, తవ్వింది ఎవరన్నది వేరే ముచ్చట. మడి పటేలుదే. కానీ నడుమ ఆ తోలు లేకపోతే బావిలో నీళ్లు బావిలోనే ఉంటయి. వరి పొట్టకొచ్చినప్పుడు బొక్కెన చినిగిందంటే అర్ధరాత్రి అయినా మావోళ్లు ఆరె, దారం పట్టుకొని ఉరకాలె. దానికి కూలి లేదు. ఏడాదికోసారి కల్లం మీద మేర. కుప్ప కొలిచినంక అడుగున మిగిలిన మన్నూ తాలూ కలిసినవి చాటలో పోసేటోళ్లు. "చెరిగితే సగం ఎగిరిపోయేది బిడ్డా" అనేది మా నాయినమ్మ.

తెలంగాణలో మోట కింద పండిన ప్రతి గింజలో మాదిగ తోలు ఉంది. ఇది నేను గర్వం కోసం చెప్పడం లేదు, లెక్క కోసం చెప్తున్నా. వ్యవసాయ చరిత్ర రాసేటోళ్లు చెరువుల గురించి రాసిన్రు, కాకతీయుల గురించి రాసిన్రు. బాగుంది. లంద గురించి ఎన్ని పేజీలు రాసిన్రు? తర్వాత కరెంటు మోటర్లు వచ్చినయి. మోట పోయింది. మోటతో పాటు మేర కూడా పోయింది. ఆ తాలు గింజలైనా పోయినయి.

ఇక పెద్ద చరిత్ర మా ఊరి దాకా వచ్చిన తీరు చెప్తాను. సాయుధ పోరాటం నాడు సంగపోళ్లు వచ్చిన్రు. వెట్టి బందయింది. తాత చీకట్లో వాళ్లకు అంబలి మోసిండట. కొంత భూమి పంచిన్రు. పోలీసు యాక్షన్ తర్వాత ఆ భూమి మళ్ల పటేలు కిందికే పోయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది. మంచి చట్టమే. కానీ కౌలు చేయాలంటే కౌలుకు ఇయ్యాలె గదా. జీతగాడు ఆ చట్టంలో ఎక్కడా లేడు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చిండు. అక్కడి దళితవాడలో నలభై కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగినయి, నలభై తరి, నలభై ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నడు. భూదానోద్యమం అట్ల మొదలైంది. నేను చదివిన పాఠంలో, పిల్లలకు చెప్పిన పాఠంలో ఇచ్చినాయన పేరు ఉంది. అడిగినోళ్ల పేర్లు లేవు. దేశానికి ఒక ఉద్యమాన్ని పుట్టించిన ప్రశ్న వాళ్లది. తరి ఎంత, ఖుష్కి ఎంత అని కూడా లెక్కగట్టి అడిగిన్రంటే వాళ్లకు ఎవుసం ఎంత తెలిసి ఉండాలె! మా ఊరి నుంచి కూడా మనుషులు పోయి చూసొచ్చిన్రట. ఉత్త చేతులతో వచ్చిన్రు.

1954-55 ఖాస్రా పహాణీ అంటే భూమి కేసులున్నోళ్లందరికీ తెలుసు. దాంట్లో పేరుంటే భూమి ఉన్నట్టు. ఉద్యోగం వచ్చినంక నేను మా ఊరి నకలు తీసి చూసిన. పట్టాదారు గడి చూసిన, కబ్జాదారు గడి చూసిన. మా కుటుంబం పేరు ఒక్కచోట కూడా లేదు. ఆ ఏడు మా తాత పటేలు నాగలి పట్టిండు.

1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. ఒక కుటుంబానికి నేలను బట్టి తరి అయితే పది నుంచి ఇరవై ఏడెకరాలు, మెట్ట అయితే ముప్పై అయిదు నుంచి యాభై నాలుగెకరాలు. పటేలు భూమి కొడుకుల పేర్ల మీదికి, అల్లుళ్ల పేర్ల మీదికి సర్దుకుంది. ఆ చట్టం కింద మా వాడకు గుంటెడు రాలేదు. ఎమర్జెన్సీ నడుస్తుండగా, ఇరవై సూత్రాల కార్యక్రమం కింద 1976లో సర్కారు బంచరాయి పంచిన్రు. లావుణి పట్టా. అప్పుడే పట్వారీ గడపకాడ తాత నిలబడ్డడు. "ఏం పేర్రా?" అని అడిగిండట. తాత పేరు చెప్పిండు, 'అయ్య' తోనే చెప్పిండు. పట్వారీ తలెత్తకుండనే 'గాడు' అని రాసిండు. తాతకు చదువు రాదు. ఏం రాసిండో నలభై ఏండ్ల దాకా ఎవరికీ తెలియదు.

ఆ భూమి ఎట్లాంటిదంటే, గొర్లు కూడా నిలబడని రాళ్ల గుట్ట అంచు. నిండా తంగెడు పొదలు. "తోలుకు కొట్టిన తంగెడే, భూమికీ కొట్టిన" అనేటోడు తాత. పగలు కూలికి పోయి, పొద్దుగూకినంక ఇద్దరూ రాళ్లు ఏరేటోళ్లు. వెన్నెల రాత్రులు బాగ కలిసొచ్చేవట. ఆ రాళ్లన్నీ చుట్టూ గట్టు పోసిన్రు. ఇప్పటికీ ఉంది, నా నడుం ఎత్తు. మొదటి రెండేండ్లు ఏం పండలేదు. మూడో ఏడు ఆముదాలు వేసిన్రు. నల్లగొండ చెలకలకు ఆముదమే దిక్కు. తర్వాత జొన్న, దాని నడుమ కంది సాళ్లు, గట్టెంబడి అనుములు. ఎడ్లు లేవు. ఒకరోజు అరక ఇస్తే ఇద్దరూ రెండ్రోజులు వాళ్లకు పని చేసిపెట్టాలె. అందరి పొలాలు అయినంకనే మావోళ్లకు అరక దొరికేది. అప్పటికి పదును ఆరిపోయేది. రోహిణి దాటి మృగశిర పడ్డదంటే తాతకు నిద్ర ఉండేది కాదు. మన్ను పిడికిట్ల పట్టి పిసికి, ముద్దయితే ఒకమాట, పొడిగ రాలితే ఒకమాట. చేతికి అంటిన మన్నును చూసి ఎంత లోతు తడిసిందో చెప్పేటోడు. ఇప్పుడు దీన్ని శాస్త్రం అంటున్నరు.

విత్తనం సంగతి మొత్తం నాయినమ్మదే. కంకుల్లో ఏది విత్తనానికి, ఏది తిండికి అనేది ఆమె చూపే. బూడిద కలిపి, వేపాకు వేసి కాగుల్లో పోసి మూతికి పేడ అలికేది. ఎంత ఆకలైనా ఆ కాగు జోలికి పోయింది లేదు. పట్టాదారు గడిలో తాత పేరు తప్పుగానైనా ఉంది. ఆమె పేరు ఏ గడిలోనూ లేదు. ఈ వ్యాసం కూడా తాత గురించే మొదలుపెట్టిన చూడండి.

1986లో మేనత్త పెండ్లి వచ్చింది. కరువు కాలం. భూమిని పటేలు కొడుకుకు కుదువ పెట్టిన్రు. కాగితం లేదు, నోటి మాటే. ఎనిమిదేండ్లు ఆయన దున్నించుకున్నడు. పహాణీలో అనుభవదారు గడిలో ఆయన పేరెక్కింది. ఆ ఎనిమిదేండ్లు ఆ చేన్లో నాగలి పట్టిందెవరు? మా తాతనే. తన రాళ్ల గట్టు లోపల, తన చెలకలో, కూలికి. "ఎద్దుకు తెలుసు ఎవని భూమో" అని ఒకసారి అన్నడు. అంతకుమించి ఆ ఏండ్ల గురించి మాట్లాడేటోడు కాదు.

అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977లోనే ఉంది. అసైన్డ్ భూమిని అమ్మినా, కుదువ పెట్టినా చెల్లదు, తిరిగి ఇప్పియ్యాలె అని అందులో ఉంది. మాకు ఆ సంగతి పదిహేడేండ్ల తర్వాత తెలిసింది. కారంచేడు, చుండూరు గురించి వాడలో మాట్లాడుకునే కాలం అది. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా పుట్టింది. మా వాడ పిల్లలు డప్పులు కొట్టుకుంట జెండా కట్టిన్రు, పేర్ల చివర 'మాదిగ' అని పెట్టుకున్నరు. తాత విని నవ్విండట. "మీరు ఇప్పుడు పెట్టుకుంటున్నరు. నాకు పట్వారీ ఎప్పుడో పెట్టిండు." పట్టా మీద తన పేరు ముందు ఆ మాట ఉందని ఆయనకు తెలుసు, అది ఒక్కటే తెలుసు. వెనక ఏముందో తెలియదు. ఆ పిల్లలే ఆఫీసులో అడిగి, చట్టం సంగతి తెలుసుకొని పటేలు కొడుకుతో మాట్లాడిన్రు. ఆయన నవ్వుకుంటనే భూమి వదిలిండు. తాత మాత్రం తీసుకున్న పైసలు లెక్కగట్టి ఇచ్చిండు. ఇయ్యాల్సిన పని లేదని పిల్లలు మొత్తుకున్నరు. "పెండ్లి అయితే అయింది గదరా" అన్నడు.

ఇక నా సంగతి. 2000లో నన్ను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఆరో తరగతికి చేర్పించడానికి తాతనే వచ్చిండు. నాయిన అప్పుడు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉండె. ఫారం నింపాలె. నా రాత బాగుంటదని నన్నే నింపమన్నరు. సంరక్షకుని వృత్తి అనే గడి వచ్చింది. తాతను అడిగిన. ఆయన సగం లేచి నిలబడి, "ఎవుసం అని రాయి" అన్నడు. పక్కన ఉన్న పెద్దమనిషి ఒకాయన, "కూలి అని రాయరా, సీటు తొందరగ వస్తది" అన్నడు. నేను కూలి అని రాసిన. తాత నా భుజం మీద నుంచి ఫారం చూసిండు. "రాసినవా?" అన్నడు. "రాసిన" అన్న. ఆయన కింద వేలిముద్ర వేసిండు. బయటకొచ్చినంక పాయిజామా జేబులోంచి పల్లీలు తీసి ఇచ్చిండు.

పట్వారీని తిట్టినప్పుడల్లా నాకు ఆ గడి యాదికొస్తది. ఆయన తలెత్తలేదు. నేను తలెత్తి, ముఖం చూసుకుంట రాసిన.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. జీతం రాంగనే తాతను పని బంద్ చెయ్యమన్న. వినలేదు. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊర్లో అందరి కాగితాలు చూసిన్రు. తాత పట్టా, ఆధార్ పక్కపక్కన పెట్టిన్రు. ఒకదాంట్లో గాడు, ఒకదాంట్లో అయ్య. "ఇద్దరు వేరువేరు మనుషులు" అన్నడు రాసుకునేటాయన. తాత ఆయన ముందే నిలబడి ఉన్నడు. అదనంగా ఎనిమిదేండ్లు అనుభవదారు వేరే ఉన్నడని ఇంకో కొర్రీ. తకరారు ఉన్న భూములకు పార్ట్-బి అని పెట్టిన్రు, దాంట్లో వేసిన్రు. నేను పంతులును, పది దరఖాస్తులు రాసిన. నాకు ఇంగ్లీషు వచ్చు, ఇంగ్లీషులో కూడా రాసిన. అప్పుడే నాకు తెలిసింది చదువు ఎంతవరకు పనికొస్తదో.

2018 మే నెలలో రైతుబంధు చెక్కులు పంచిన్రు, ఎకరానికి నాలుగు వేలు. ఊర్లో పండుగ. హైదరాబాద్‌లో కాపురముంటున్న పటేలు మనుమడు కారులో వచ్చి, పడావు పడ్డ భూమికి చెక్కు తీసుకొని పోయిండు. అది చట్టప్రకారమే, ఆయన తప్పేం లేదు. తాత శామియానా బయట వేపచెట్టు కింద కూర్చొని అందరి పేర్లు విన్నడు. తన పేరు వస్తదని కాదు. ఎవరెవరికి ఎంతెంత భూమి ఉందో మైకులో చదువుతుంటే వినడానికి. "ఇన్నేండ్లకు తెలిసింది రా ఎవనికెంతో" అన్నడు ఇంటికొచ్చినంక.

2019 చలికాలంలో చనిపోయిండు. ఆ యేడు కూడా కంది వేసిండు. కోత మేం కోసినం. 2020లో ధరణి వచ్చింది, ఆ కాగితంలో అనుభవదారు గడి తీసేసిన్రు. ఎవరి పేర పట్టా ఉందో అదొక్కటే మిగిలింది. దున్నేటోడికి ఉన్న ఒక్క గడి కూడా పోయింది.

2024 నవంబర్‌లో ఇంటింటి కులగణన సర్వేకు నన్ను వేసిన్రు. వేరే ఊర్లో మాదిగవాడకు పోయిన. ఒకాయన నాలుగెకరాలు కౌలుకు పత్తి వేసిండు, చేతులు ఇంకా పత్తి మరకలతో ఉన్నయి. వృత్తి అడిగితే "కూలి అని రాసుకో సార్" అన్నడు. "కౌలు చేస్తున్నవ్ గదా అన్నా?" అన్న. "భూమి నాది కాదు గద" అన్నడు. మేం ఇద్దరం చాలాసేపు వాదులాడుకున్నం. ఆయన భార్య లోపల్నించి, "రాయనియ్యరాదు, సార్‌కు ఏం పోయింది, మనకేం పోయింది" అన్నది. వ్యవసాయం కిందనే రాసిన. కింద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికిందని చెప్తే మీరు నమ్మరు.

2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ పుట్టినరోజున భూభారతి తెచ్చిన్రు. జూన్‌లో ఊర్లకే వచ్చి రెవెన్యూ సదస్సులు పెట్టిన్రు. నాయిన, నేను, నాయినమ్మ పోయినం. అధికారి మంచిగనే మాట్లాడిండు, చిన్న వయసు. పట్టా, ఆధార్, చావు సర్టిఫికెట్ చూసిండు. గాడు, అయ్య ఇద్దరూ ఒక్కరే అని ఊర్లో ఇద్దరు సాక్షులు రాసియ్యాలె అన్నడు. తర్వాత నాయినమ్మను చూసి, "అవ్వా, ఇద్దరూ ఒక్కరేనా?" అని అడిగిండు.

నాయినమ్మకు చెవులు సరిగ వినపడవు. నాయిన దగ్గరికి పోయి గట్టిగ చెప్పిండు. ఆమె కాసేపు ఆ కాగితం దిక్కు చూసింది. "గాడు అన్నోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లను అడుగుండ్రి బిడ్డా. నేనైతే పేరు పెట్టి పిల్వలే" అన్నది.

సాక్షుల్లో ఒకరు మా వాడ ముసలాయన. రెండో సాక్షి కోసం రెండు వారాలు తిరిగినం. చివరకు సంతకం పెట్టింది పటేలు కొడుకే, ఎనిమిదేండ్లు దున్నించుకున్నాయన. ఇప్పుడు బాగ ముసలోడు. "పెడ్తగాని, మీ నాయినను నేను ఏమని పిలిచేటోణ్నో యాదికి వస్తలేదు" అన్నడు. నాయిన ఏం మాట్లాడలేదు.

రసీదు ఇచ్చిన్రు. దాన్ని సందుకలో తాత ఆరె, గూటం ఉన్న గుడ్డమూటతో పాటు పెట్టినం. ఆ వానకాలం నాయిన జొన్న వేసి, నడుమ కంది సాళ్లు పెట్టిండు.